కళ్ళాపి లేని ముగ్గు

(యల్లాప్రగడ సుబ్బారావు జయంతి సభలో ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చుని అప్పుడే గడియారం చూసుకుంటున్న నా పాత సహోద్యోగులకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ విద్యార్థులకు నమస్కారం.

అధ్యక్షులు నన్ను పరిచయం చేస్తూ మెదడు శాస్త్రవేత్త అన్నారు. పండగ పూట చిన్న అబద్ధానికి దోషం లేదనుకున్నారేమో. నేను ముప్పై మూడేళ్ళు డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పినవాణ్ణి. కప్పలు కోయించాను. కప్పలు కోయకూడదన్న తర్వాత కప్ప బొమ్మలు గీయించాను. అంతకుమించి నా శాస్త్రం లేదు. అసలు ఈ సభకు హైదరాబాదు నుంచి కంప్యూటర్ ఆచార్యులు ఒకరు రావలసి ఉంది. సంక్రాంతి రద్దీలో ఆయనకు టికెట్టు దొరకలేదు. మొన్న రాత్రి ఇద్దరు కుర్రాళ్ళు మా ఇంటికి వచ్చి, ‘మాస్టారూ, కరపత్రాలు అచ్చయిపోయాయి, విషయం మార్చలేం, మీరే మాట్లాడాలి’ అన్నారు. విషయం కృత్రిమ మెదడు. సరే అన్నాను. చాలా ఏళ్ళుగా నలుగురిలో చెప్పుకోవలసిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. దానికి ఈ కరపత్రం సాకుగా దొరికింది.

మొదలుపెట్టే ముందు రెండు కాగితాలు మీ మధ్యకు పంపుతున్నాను. పాతవి, అంచులు పట్టుకుని చూడండి. ప్రాక్టికల్ రికార్డులోంచి చింపినవి. ఒక్కోదాని మీద ఒక్కో ఏడు చుక్కల ముగ్గు ఉంది. మూలన టైము రాసి ఉంటుంది. ఒకదాని మీద ఉదయం 7.30, రెండోదాని మీద 9. ఒకే రోజు, ఒకే చెయ్యి. చూసి పక్కవారికి ఇవ్వండి. సంగతి తర్వాత చెబుతాను.

ఈ రోజు జనవరి 12. 1895లో ఇదే రోజున భీమవరంలో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు. ఏటా ఈ సభలో ఆయన పటానికి దండ వేస్తాం, ఆయన మందుల పేర్లు చదువుతాం, నోబెల్ రాలేదని బాధపడతాం, ఉప్మా తిని ఇళ్ళకు వెళతాం. ఈసారి ఆ బాధ కొంచెం వాయిదా వేద్దాం. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1927లో కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణాలు శక్తి కోసం ఖర్చుచేసే ఏటీపీ అణువును బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని పట్టుకున్నారు. వాళ్ళు వెతికింది కండరంలో. కానీ ఆ ఏటీపీని తన బరువుకు మించి ఖర్చుచేసేది ఎవరనుకున్నారు? మెదడే. మన బరువులో అది రెండు శాతం. కదలకుండా కూర్చున్నప్పుడు ఒళ్ళు ఖర్చుచేసే శక్తిలో ఇరవై శాతం దానిదే. మీరు నా మాట వింటున్నా, ఫోను చూసుకుంటున్నా ఆ వాటా తగ్గదు.

ఎందుకంత ఖర్చు? నాడీకణం ఒక్కసారి మెరిసిందంటే, అంటే సంకేతం పంపిందంటే, సోడియం లోపలికి చొరబడుతుంది. గండి పడ్డ పడవలోంచి నీళ్ళు తోడినట్టు దాన్ని మళ్ళీ బయటికి తోడాలి. ఒక ఏటీపీ అణువు ఖర్చుతో మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం అయాన్లు లోపలికి. పుట్టింది మొదలు చివరి శ్వాస దాకా ఈ తోడకం ఆగదు. ఈ పంపును డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ 1957లో పీత నాడుల్లో పట్టుకున్నారు. నలభై ఏళ్ళ తర్వాత, 1997లో, ఆయనకు నోబెల్ వచ్చింది. పీత అన్న మాట గుర్తుపెట్టుకోండి. అది మళ్ళీ వస్తుంది.

ఇంతా కలిపి మెదడు కరెంటు బిల్లు సుమారు 20 వాట్లు. మన ఇంట్లో చిన్న ట్యూబ్‌లైటు అంత. ఇప్పుడు జపాన్ వెళదాం. 2013లో కోబె నగరంలోని ‘కె’ కంప్యూటర్ మీద 173 కోట్ల నాడీకణాల వలను నడిపారు. కణాల లెక్కన మనిషి మెదడులో రెండు శాతం. ఆ వలలో ఒక్క సెకను గడవడానికి 82,944 ప్రాసెసర్లు 40 నిమిషాలు చెమటోడ్చాయి. అది పది మెగావాట్లకు పైగా కరెంటు తాగే యంత్రం. అందులో కణాలు కూడా నిజం కణాలంత చిక్కనివి కావు, బాగా పలచన చేసినవి.

కంప్యూటర్ విద్యార్థులకు కారణం తెలిసే ఉంటుంది. మీ యంత్రంలో లెక్క చేసే చోటు వేరు, గుర్తు దాచే చోటు వేరు. ప్రతి అంకెకూ అటూ ఇటూ తిరగడమే సరిపోతుంది. వంటింట్లో పొయ్యి, ఊరవతల ఉప్పు. మెదడులో ఎక్కడ లెక్కో అక్కడే జ్ఞాపకం. రెండు కణాలు కలుసుకునే సంధి ఎంత బలంగా ఉందన్నదే జ్ఞాపకం, దాని గుండా సంకేతం పోవడమే లెక్క. ఈ కిటుకును సిలికాన్‌లోకి తేవాలని అమెరికాలో కార్వర్ మీడ్ 1980ల చివర మొదలుపెట్టారు. ఆ దారిలో వచ్చినవే 2014లో ఐబీఎం వారి ట్రూనార్త్, ఆ తర్వాత ఇంటెల్ వారి లోయిహి. ట్రూనార్త్‌లో 10 లక్షల కృత్రిమ నాడీకణాలు, 25.6 కోట్ల సంధులు, ఖర్చు ఒక వాటులో పదో వంతు కూడా లేదు. 2024లో ఇంటెల్ 1,152 చిప్పులు పేర్చి 115 కోట్ల కణాల యంత్రం కట్టింది. పేరు హాలా పాయింట్, గరిష్ఠంగా 2,600 వాట్లు. అదే ఏడాది బెంగళూరు ఐఐఎస్‌సీలో, ఒకే బిందువులో సున్నా ఒకటి అని రెండు స్థితులు కాకుండా 16,500 స్థితులు నిలిపే అణుపొర చేశారు. సంధి బలాన్ని దాచుకోవడానికి అలాంటిదే కావాలి. వీటిని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. నిజానికి అసూయ. మా రోజుల్లో నాడి సంకేతం చూడాలంటే మసి పట్టించిన కాగితం డోలుకు చుట్టి, కప్ప కాలి కండరానికి పుల్ల కట్టి, కరెంటు పోకుండా ఉండాలని దేవుడికి మొక్కేవాళ్ళం.

ఆ డోలు ఎక్కడుందని అడగండి. ఈ హాలు పక్క గది, ఇప్పుడు ఏసీ పెట్టి కంప్యూటర్లు పెట్టారే, అది మా ప్రయోగశాల. డోలు, దాని గడియార యంత్రం, సీసాల్లోని నమూనాలు అన్నీ ఒక వేసవి సెలవుల్లో పాత ఇనుము వ్యాపారికి పోయాయి. కిలోల లెక్కన. విభాగంలో చేరే పిల్లలు లేరన్నారు. సరే, లేరు. ఇది ఈ రోజు విషయం కాదు. వదిలేస్తాను.

విషయానికి వద్దాం. దారిలో వస్తూ చూశాను, ఎల్లుండి భోగి కదా, వీధంతా ముగ్గులు. ముగ్గుకు ముందు చుక్కలు, తర్వాత గీతలు. మెదడును కట్టబోయిన వాళ్ళూ అదే వరసలో వెళ్ళారు.

చుక్కలు ఉన్నాయని తేలడానికే పెద్ద గొడవ అయింది. 1873లో ఇటలీలో కామిల్లో గాల్జీ వెండి లవణంతో నాడీకణాలను నల్లగా అద్దే పద్ధతి కనిపెట్టారు. స్పెయిన్‌లో కహాల్ అదే రంగు వాడి, మెదడు ఒకే అల్లిక కాదు, విడివిడి కణాలు అని చూపించారు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. గాల్జీ ఆ వేదిక ఎక్కి కహాల్ చెప్పింది తప్పని ఉపన్యసించారు! సన్మాన సభల్లో ఇలాంటివి మన దగ్గరే జరుగుతాయనుకునేవాణ్ణి.

ఎన్ని చుక్కలు? మా పుస్తకాలు పదివేల కోట్లని రాసేవి. నేనూ అదే చెప్పాను, పరీక్షలో అదే రాసినవారికి మార్కులు వేశాను. ఎవరూ సరిగా లెక్కపెట్టలేదని తర్వాత తెలిసింది. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్కులానో-హౌజెల్ బృందం మెదడును చారులా చేసి, అందులో తేలే కణకేంద్రకాలను లెక్కపెట్టి సుమారు 8,600 కోట్లని తేల్చింది. నా విద్యార్థులెవరైనా ఇక్కడుంటే ఆ పద్నాలుగు వందల కోట్లకు క్షమించాలి.

ఒక్కో చుక్క ఏం చేస్తుంది? 1943లో మెకల్లక్, ఇరవయ్యేళ్ళ వాల్టర్ పిట్స్ కలిసి సులువైన జవాబు ఇచ్చారు. వచ్చినవన్నీ కూడు, మొత్తం గడప దాటితే ఒకటి, దాటకపోతే సున్నా. ఇవాళ మీ ఫోనులో ముఖం గుర్తుపట్టే వల దాకా అన్నీ ఆ గడప మనవలే. దానికి మీరు న్యూరాన్ అని పేరు పెట్టుకున్నారు. పెట్టుకోండి. కాగితం పడవను పడవ అంటాం కదా.

నిజం కణం వేరు. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్ర జీవి నాడి తీసుకున్నారు. అది సుమారు అర మిల్లీమీటరు లావు, లోపలికి తీగ దూర్చవచ్చు. ఆ ఒక్క మెరుపు ఎలా పుడుతుందో నాలుగు సమీకరణాల్లో రాశారు. కేంబ్రిడ్జి కంప్యూటర్‌ను అప్పుడే మార్పుల కోసం ఆపేశారు. హక్స్‌లీ చేత్తో తిప్పే లెక్కల యంత్రం ముందు కూర్చుని వారాల తరబడి తిప్పారు. వెయ్యో వంతు సెకను మెరుపు కోసం వారాల తిప్పుడు. అది కూడా నాడి తీగ ఒక్కదానికే. కణానికి కొమ్మలుంటాయి, కొమ్మలకు రెమ్మలుంటాయి, ఒక్కో రెమ్మ తనంతట తాను చిన్న లెక్క చేసుకుంటుంది. 2021లో జెరూసలెం హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్ళు ఒకే ఒక్క మెదడు కణం నమూనా ప్రవర్తనను అనుకరించడానికి మీ గడప కణాలు ఎన్ని కావాలో చూశారు. ఐదు నుంచి ఎనిమిది అంతస్తుల వల కావలసి వచ్చింది. మనం చుక్క అనుకున్నది తనే ఒక ముగ్గు.

కాగితాలు ఎక్కడిదాకా వచ్చాయి? నాలుగో వరుసా? కానివ్వండి, తొందర లేదు. మడవకండి బాబూ.

ఇక గీతలు. నేలలో ఉండే మిల్లీమీటరు పొడవు పురుగు ఒకటి ఉంది. దానికి 302 నాడీకణాలు. సిడ్నీ బ్రెన్నర్ బృందం దాన్ని పలచని ముక్కలుగా కోసి, ఫొటోలు తీసి, ఏ కణం నుంచి ఏ కణానికి తీగ వెళుతుందో చేత్తో గీసి 1986లో అచ్చు వేసింది. సుమారు ఏడు వేల సంధులు. మొత్తం పటం. మా స్టాఫ్ రూములో అప్పుడు ఒకాయన, ‘ఇంకేముంది, పురుగు మెదడు అయిపోయింది, పదేళ్ళలో మనిషిది’ అన్నాడు. నలభై ఏళ్ళు కావస్తోంది. ఆ పటాన్ని కంప్యూటర్‌లో పెడితే పురుగు లేచి బతకాలి కదా? నిజం పురుగులా తిని, వెతికి, నేర్చుకునే పురుగు ఇంతవరకు కంప్యూటర్‌లో లేవలేదు.

గీతలు గీయడం మాత్రం అద్భుతంగా సాగుతోంది. 2024 అక్టోబరులో, పండ్ల మీద వాలే చిన్న ఈగ మెదడు మొత్తం పటం వచ్చింది. 1,39,255 కణాలు, ఐదు కోట్లకు పైగా సంధులు. 2025లో ఎలుక మెదడులో ఒక ఘన మిల్లీమీటరు, అంటే గసగసాల గింజంత ముక్క. అందులో రెండు లక్షలకు పైగా కణాలు, యాభై కోట్లకు పైగా సంధులు. మనిషి మెదడు అలాంటి గింజలు పన్నెండు లక్షల పైచిలుకు. లెక్క మీరే వేసుకోండి, నాకు ఓపిక లేదు. ఓపిక ఉన్న రోజుల్లో, 2009లో, మెదడు శాస్త్రవేత్త హెన్రీ మార్క్రమ్ ఆక్స్‌ఫర్డ్‌లో ఒక వేదిక మీద మనిషి మెదడును పదేళ్ళలో కట్టవచ్చని చెప్పారు. 2013లో ఐరోపా సమాఖ్య వంద కోట్ల యూరోల స్థాయి పథకం ఒకటి మొదలుపెట్టింది. ఏడాది తిరగకుండా వందలమంది శాస్త్రవేత్తలు దాన్ని తప్పుబడుతూ బహిరంగ లేఖ రాశారు. పథకం 2023లో ముగిసింది. పటాలు వచ్చాయి, యంత్రాలు వచ్చాయి, మెదడు రాలేదు.

అయితే ఏం తక్కువైంది? ఇది చెప్పడానికే వచ్చాను. ఇక్కడినుంచి కరపత్రంలోని క్రమం వదిలేస్తున్నాను, అధ్యక్షులు మన్నించాలి.

మా అమ్మ ముగ్గు మా ఊళ్ళో పేరున్న ముగ్గు. 21 చుక్కలు, 11 వరకు సందు చుక్క. నెలగంట పెట్టిన రోజునుంచి కనుమ దాకా ఒక రోజు వేసింది మరో రోజు వేసేది కాదు. వాకిలి ఈ చివరనుంచి ఆ చివర దాకా నిండిపోయేది. పాలు పోసే ఆయన సైకిలు దిగి గోడ పక్కనుంచి నడిచి వచ్చేవాడు.

1995 ప్రాంతంలో ముగ్గు చిన్నదవడం మొదలైంది. ఒక్కసారిగా కాదు. ఒక ఏడు అరుగు దాకా వచ్చింది, మరో ఏడు గుమ్మం మెట్టు దగ్గరే ఆగింది. నా భార్య గమనించి, ‘అత్తయ్య ముగ్గు చిన్నదైపోతోంది, చూశారా’ అంది. వయసు అన్నాను. పిండి ఆదా చేస్తోందేమో అని నవ్వాను కూడా. అమ్మను అడిగితే, ‘మొదట పెద్దదే వేస్తున్నానురా. వేస్తూ వేస్తూ ఉంటే దానంతట అదే చిన్నదైపోతోంది’ అంది. నిజంగానే మొదటి వరుస చుక్కలు దూరదూరంగా ఉండేవి, చివరికి వచ్చేసరికి ఒకదాని మీద ఒకటి పడేవి. ముగ్గు ఒక పక్క నొక్కేసినట్టు ఉండేది. తర్వాత కుడి భుజం పట్టేసింది. ఒక డాక్టరు ఏడాదిపాటు భుజానికి వైద్యం చేశారు.

ఏటా రెండో సంవత్సరం వాళ్ళకు నాడీమండలం చెప్పే మనిషిని నేను. బోర్డు మీద మధ్యమెదడు అడ్డకోత గీసి, నల్లగా ఉండే భాగం చూపించి, ఇక్కడి కణాలు చస్తే పార్కిన్సన్ వ్యాధి వస్తుంది, చెయ్యి వణుకుతుంది అని చెప్పేవాణ్ణి. వణుకు కోసం చూశాను. వణుకు రాలేదు. చేతిరాత కుంచించుకుపోవడం కూడా ఆ జబ్బు లక్షణమేనని నాకు తెలియదు. నా తల్లి రెండు మూడేళ్ళు వాకిట్లో రోజూ రాసి చూపిస్తుంటే చదవలేకపోయాను. చివరికి పట్నంలో ఒక నరాల వైద్యుడు, ఆమె తలుపు దగ్గరనుంచి కుర్చీ దాకా నడిచి వచ్చిన తీరు చూసి చెప్పేశారు. నాడి కూడా పట్టుకోలేదు.

లెవోడోపా మాత్రలు మొదలయ్యాయి. రెండు వారాలు గడిచేసరికి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది, పొద్దున మాత్రకు ముందు ఒక అమ్మ, గంటన్నర తర్వాత ఇంకో అమ్మ. నాలోని మాస్టారు ఊరుకోలేదు. 1998 జనవరిలో ఒక ఉదయం రికార్డు కాగితం, పెన్ను ఇచ్చి ఏడు చుక్కల ముగ్గు వేయమన్నాను. మాత్ర వేసుకున్నాక తొమ్మిదింటికి మళ్ళీ వేయమన్నాను. అమ్మ నా మొహం చూసి, ‘కప్పలు అయిపోయాయా, ఇక నా మీద పడ్డావా’ అంది. అయినా వేసింది. ఇప్పుడు మీ చేతుల్లో తిరుగుతున్నవి అవే. ఏడున్నర ముగ్గు అగ్గిపెట్టెలో పడుతుంది. తొమ్మిదింటి ముగ్గు కాగితం అంచులు దాటబోయింది.

కంప్యూటర్ విద్యార్థులూ, ఇక్కడ చూడండి. ఆ గంటన్నరలో మా అమ్మ మెదడులో కొత్త కణం పుట్టలేదు. కొత్త తీగ పడలేదు. చచ్చిన కణాలు లేచి రాలేదు. ఏడున్నరకు పటం గీసినా, తొమ్మిదింటికి గీసినా ఇంచుమించు ఒకే పటం వచ్చేది. మారింది ఆ తీగలు మునిగి ఉన్న రసం.

ముగ్గు వేసేవాళ్ళను అడగండి, ముందు ఏం చేస్తారని. చుక్కలు పెడతాం అనరు. కళ్ళాపి చల్లుతాం అంటారు. పొడి నేల మీద ఎంత గొప్ప ముగ్గైనా గాలికి పోతుంది. నేల తడిస్తేనే పిండి పట్టుకుంటుంది. అమ్మ వేసుకున్న మాత్ర మెదడులో డోపమిన్ అనే రసాయనం అవుతుంది, అది అలాంటి కళ్ళాపి. దాన్ని చల్లే ఆ నల్లభాగపు కణాలు 8,600 కోట్లలో కొన్ని లక్షలు మాత్రమే. కానీ ఎలుకలోనే చూసినా, ఒక్కొక్క కణం కొమ్మలు లక్షకు మించిన చోట్ల డోపమిన్ వదులుతాయి. ఒక కణం ఇంకో కణం చెవిలో చెప్పే రహస్యం కాదది, వీధంతా వినిపించే చాటింపు. డోపమిన్ ఒక్కటే కాదు. సెరటోనిన్, ఎసిటైల్‌కోలిన్, నోరాడ్రెనలిన్, చిన్న చిన్న పెప్టైడ్లు పదుల సంఖ్యలో ఉన్నాయి.

ఇందులో మన నేల వాసన కూడా ఉంది. మన సర్పగంధ వేరునుంచి రెసర్పిన్ అనే మందు తీశారు. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957 ప్రాంతంలో దాన్ని కుందేళ్ళకు ఇస్తే అవి కదలకుండా చెవులు వేలాడేసి కూర్చున్నాయి. లెవోడోపా ఇవ్వగానే లేచి తిరిగాయి. తీగలు అవే. దానికి 2000లో నోబెల్ వచ్చింది. నేరుగా డోపమిన్ ఇస్తే పనిచేయదు, రక్తంనుంచి మెదడులోకి దాని ప్రవేశానికి అనుమతి లేదు. లెవోడోపా వేషంలో వెళ్ళి లోపల డోపమిన్ అవుతుంది. మన చేలగట్ల మీది దురదగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంది. ఇంటికి వెళ్ళి ఎవరూ ప్రయోగాలు చేయకండి, కొలత తప్పితే ప్రమాదం.

పీత మళ్ళీ వస్తుందన్నాను. పీత కడుపులో పళ్ళుంటాయని పీతలు శుభ్రం చేసిన ఆడవాళ్ళకు తెలుసు, నా విద్యార్థులకు తెలియదు. ఆ పళ్ళను ఆడించే నాడీముడిలో సుమారు 30 కణాలు. అమెరికాలో ఈవ్ మార్డర్ అనే శాస్త్రవేత్త జీవితమంతా ఆ ముప్పై కణాల మీదే గడిపారు. తీగలన్నీ తెలుసు. అయినా దాని మీద ఒక రసాయనం చుక్క వేస్తే ఒక తాళం, ఇంకొకటి వేస్తే ఇంకో తాళం. ఒక కణం ఈ మేళంలోంచి లేచి ఆ మేళంలోకి వెళ్ళి కూర్చుంటుంది. ముప్పైకే ఇంత.

302 కణాల పురుగు సంగతి కూడా 2023లో కొంత తేలింది. ప్రిన్స్‌టన్‌లో ఒక్కో కణాన్ని వెలుతురుతో మేల్కొలిపి, మిగతావాటిలో ఎవరు ఉలిక్కిపడతారో చూశారు. 1986 పటం చెప్పినట్టు జరగలేదు. తీగ లేని చోటికీ కబురు వెళుతోంది. తీగ బయట, రసంలో ఈది వెళ్ళే కబుర్లు అవి.

నా వాదనకు ఎదురు సాక్ష్యం కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. 2024లో ఈగ పటం తీసుకుని, ఒక్కో కణాన్ని గడప లెక్క లాంటి సులువైన లెక్కతోనే నడిపి చూశారు. తీపి రుచి చూసే కణాలను తాకితే, తొండం చాపించే కణాలు మేల్కొన్నాయి. నిజం ఈగలో పరీక్షిస్తే చాలావరకు సరిపోయింది. రసం లేకుండానే! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ముప్పయ్యేళ్ళ మాట పోయిందనుకున్నాను. తెల్లవారుజామున తట్టింది. ఆ కంప్యూటర్ ఈగకు ఆకలి లేదు. కడుపు నిండిన ఈగకు, రోజంతా పస్తున్న ఈగకు తీగలు ఒకటే. తీపి తగిలినప్పుడు ఒకటి పట్టించుకోదు, ఇంకొకటి మీద పడుతుంది. ఆ తేడా పటంలో లేదు.

నేర్చుకోవడం సంగతి కూడా ఇక్కడికే వస్తుంది. ట్రూనార్త్ చిప్పు తనంతట తాను నేర్చుకోలేదు, వేరే కంప్యూటర్‌లో నేర్పించి దాంట్లో పోయాలి. మెదడు నడుస్తూనే నేర్చుకుంటుంది. కలిసి మెరిసే కణాల మధ్య బంధం బలపడుతుందని 1949లో డొనాల్డ్ హెబ్ అన్నారు. కానీ కలిసి మెరిసేవి క్షణానికి కోట్లు. ఏ గీత నిలవాలి, ఏది చెరిగిపోవాలి? 1997లో వోల్‌ఫ్రమ్ షుల్ట్జ్, ఆయన సహచరులు కోతుల మీద చూసింది ఏమిటంటే, అనుకోని పళ్ళరసం దక్కినప్పుడు డోపమిన్ కణాలు మోగుతాయి. ముందే తెలిసిన రసం దక్కితే మోగవు. రావలసింది రాకపోతే ఉన్న మోత కూడా ఆగిపోతుంది. ఈ గీత ఉంచు, ఆ గీత చెరుపు అని వీధంతా చాటించేది ఆ మోతే. మళ్ళీ కళ్ళాపే. లోయిహి చిప్పులో ఇలాంటి బహుమాన సంకేతానికి చోటు పెట్టారు, ఇంజనీర్లు గుర్తించలేదని నేను అనను. కానీ వాళ్ళు ఒక అంకె పెట్టారు. నేను చెబుతున్నది నేల గురించి.

ఎంత చల్లాలన్నది ఇంకో చిక్కు. ఏడెనిమిదేళ్ళకు అమ్మకు మోతాదు పెరిగింది. మాత్ర పూర్తిగా పనిచేస్తున్న వేళ చెయ్యి గాలికి ఊగే కొమ్మలా తనంతట తాను తిరిగేది. ముగ్గు గీత చుక్కలను దాటి ఎటో పోయేది. కళ్ళాపి ఎక్కువైతే పిండి కారిపోతుంది కదా. అప్పుడు వేసిన మూడో కాగితం కూడా ఇంట్లో ఉంది. దాన్ని తీసుకురాలేదు.

అధ్యక్షులు చీటీ పంపారు, ఐదు నిమిషాలు అని. రెండు చాలు.

ప్రిన్సిపాల్ గారూ, మీరు వేదిక మీదే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ ఏసీ గదిలో ఒక మూల, ఒక్క బల్ల ఇప్పించండి. డోలు అక్కర్లేదు, కప్పలు అక్కర్లేదు. ఒక సూక్ష్మదర్శిని, మట్టిలో దొరికే ఆ పురుగులు నాలుగు గాజుపళ్ళేల్లో. వాటికి ఖర్చు లేదు, బాక్టీరియా తిని బతుకుతాయి. కృత్రిమ మెదడు కడతామంటున్న ఈ పిల్లలు రోజూ పది నిమిషాలు, ఆకలిగా ఉన్న పురుగునూ కడుపు నిండిన పురుగునూ పక్కపక్కన పెట్టి చూడనివ్వండి. వారానికి రెండు రోజులు నేను వస్తాను. జీతం వద్దు. బస్సు ఛార్జీ కూడా వద్దు, మా ఇల్లు దగ్గరే.

ప్రశ్నలుంటే అడగండి. దాని కంటే ముందు ఆ కాగితాలు ఇటు పంపించండమ్మా. ఒకటి వచ్చింది, ఇది ఏడున్నరది. రెండోది ఎవరి దగ్గర ఉంది? పెద్ద ముగ్గు ఉన్నది. కుర్చీల కింద కూడా ఒకసారి చూడండి.